పెరుగన్నం మీద పెరిగిన పోలీసు కుక్క

మా బావ బదరీనారాయణకు ఏదైనా పెద్దదే కావాలి. మనిషి మాత్రం పొట్టి. కళ్యాణదుర్గం బజారులో ఆయనకు గోనెసంచుల అంగడి ఉంది. అందులో కూర్చుంటే సంచుల దొంతరల మధ్య ఆయన తల ఒక్కటే కనబడుతుంది. అందుకే నీకు పెద్దవాటి మీద అంత మోజు అని నేను మొహం మీదే అనేవాణ్ణి. బావమరిదిని, ఆమాత్రం అనకపోతే ఆ వరస ఎందుకు? ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఇంటికి గుడి తలుపంత తలుపు పెట్టించాడు. ఇద్దరు మనుషులున్న ఇంట్లో పెళ్ళివంటకు సరిపోయే గుండిగ కొన్నాడు. అందులో అక్క ఒకసారి కూడా వండలేదు. అది అటక మీద బోర్లా పడుంది.

అంగడిలోనూ అదే తంతు. వేరుశనగ పీకే రోజుల్లో ఎవరైనా రైతు వచ్చి చిన్న సంచులు అడిగితే, "చిన్నవి ఎందుకప్పా, పెద్దవి తీస్కో. వాటికోసరం మళ్ళా నా దగ్గరికే వస్తావు" అనేవాడు. ఆ రైతు ఏదో చెప్పబోయేవాడు. చేను నుంచి భార్య మోయాలనో, బండి పోయే దారి లేదనో అయ్యుంటుంది. ఆ మాట పూర్తయ్యేలోపే బావ పెద్ద సంచులు కట్ట కట్టి ముందు పడేసేవాడు. వాన మొహం చాటేసిన ఏడాది చిన్నదీ పెద్దదీ ఏదీ అమ్ముడుపోదు, అది వేరే సంగతి.

నా పేరు అశోక్. బస్టాండు దగ్గర జిరాక్స్ అంగడి నాది. బావ భార్య సుమిత్రమ్మ మా అక్క. చిన్నప్పటి నుంచి ఆమెకు కుక్కలంటే ప్రాణం. మా నాయన కుక్కను గడప దగ్గరికి కూడా రానిచ్చేవాడు కాదు. అక్క దొంగచాటుగా వీధికుక్కకు ముద్ద వేస్తుంటే నేను కాపలా కాసేవాణ్ణి. పట్టుబడ్డప్పుడల్లా నాయనది ఒక్కటే మాట: "పెండ్లయినంక నీ ఇంట్లో పెంచుకుందువులే." మన ఆడపిల్లలు ఏం అడిగినా దొరికే జవాబు ఇదే కదా.

పెళ్ళయింది. ఆ ఇంట్లో అత్తగారు. మడి, ఆచారం, కుక్క అన్న మాట వింటేనే తలకు నీళ్ళు పోసుకునే మనిషి. కూతురు కల్పన పుట్టి, పెరిగి, హిందూపురానికి కోడలుగా వెళ్ళింది. అత్తగారు మంచం పడితే అక్కే ఎత్తి దించింది. ఆమె పోయి, సంవత్సరీకాలు కూడా జరిగాక, తన తల నెరిశాక, అక్క మొదటిసారి నోరు తెరిచి మొగుణ్ణి ఒకటి అడిగింది.

"ఏమండీ, ఒక చిన్న కుక్కపిల్లను తెచ్చుకుందామా?"

బావ వెంటనే సరేనన్నాడు. న్యాయం చెప్పాలంటే ఆయన పిసినారి కాదు, అక్క మీద ప్రేమ లేనివాడూ కాదు. కుక్క కావాలన్నది పట్టుకున్నాడు, చిన్నది కావాలన్నది మాత్రం గాలికి వదిలేశాడు.

అనంతపురంలో దివాకర్ అనే ఆయన మేడ మీద కుక్కపిల్లలను పెంచి అమ్ముతాడు. ముగ్గురం బస్సులో వెళ్ళాం. ఒక గంపలో తెల్ల పమేరియన్ పిల్ల ఉంది. పక్కనే జర్మన్ షెపర్డ్ పిల్లలున్నాయి. మా వైపు దాన్ని పోలీసు కుక్క అంటాం. అక్క నేరుగా వెళ్ళి తెల్లదాన్ని ఎత్తుకుంది. అది ఆమె కొంగులో దూరి ముక్కు ఒక్కటి బయట పెట్టింది. కల్పన పుట్టినప్పుడు చూశాను అక్క మొహంలో అంత సంతోషం, మళ్ళీ ఆ రోజే చూశాను.

"ఇది కుక్కనా, దూదిపింజనా? గట్టిగా తుమ్మితే ఎగిరిపోతాది" అన్నాడు బావ.

"అది కాదండీ, చిన్నదయితే మనింట్లో..."

"నువ్వూరుకో సుమిత్రా. దీన్ని నువ్వు కాయాలనా, నిన్ను ఇది కాయాలనా? కొనేది ఒకసారి కొంటాం, మంచిదే కొనాల."

అక్క నోటి దగ్గరకొచ్చిన మాట నోట్లోనే ఉండిపోయింది. బావ అప్పటికే పోలీసు కుక్కపిల్ల పాదాలు పట్టి చూస్తున్నాడు. పాదం ఎంత పెద్దదైతే కుక్క అంత పెద్దదవుతుందని ఎవరో చెప్పారట. దివాకర్ మంచివాడు, అమ్ముకునేవాడైనా ఒక మాట చెప్పాడు.

"సార్, పెద్ద జాతంటే తిండి బాగా చూసుకోవాల. పెరిగే వయసులో గుడ్డు, మాంసం పడకుంటే కాళ్ళు నిలబడవు."

"ఆ పేర్లు ఎత్తద్దప్పా. శెట్టిగారి ఇల్లు మాది. ఏనుగు ఏం తిని అంత అయింది? మాంసం తిన్నాదా?"

"ఏనుగు కుక్క కాదు కదా సార్" అన్నాడు దివాకర్ మెల్లగా.

"బలానికి జాతేముందిలే" అన్నాడు బావ. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. తిరుగు బస్సులో అక్క ఒళ్ళో పోలీసు కుక్కపిల్ల నిద్రపోతోంది. తెల్లదాని వెంట్రుక ఒకటి ఆమె కొంగుకు అంటుకుని ఉంటే, తీసి కిటికీలోంచి వదిలేసింది.

బావ దానికి భీముడని పేరు పెట్టాడు. అక్క భీమూ అని పిలిచేది. తాను అడిగింది ఇది కాకపోయినా వారం తిరక్కుండానే దాన్ని ప్రాణంలా చూసుకుంది. కడుపున పుట్టినవాళ్ళను మాత్రం అడిగి తెచ్చుకుంటామా అనేది. పొద్దున పాలల్లో రాగి సంగటి, మధ్యాహ్నం పప్పన్నం, సాయంత్రం పెరుగన్నం. వాడు ఏది పెట్టినా గిన్నె నాకి నాకి ఇంటి నడుమ దాకా తోసేవాడు. ఏకాదశి నాడు ఇంట్లో అందరూ ఉపవాసమే కాబట్టి వానికీ ఉపవాసమే అన్నాడు బావ. అక్క వెనక వాకిట్లో పాలు పోసింది. నేను చూసి చూడనట్టు ఊరుకున్నాను.

భీముడు తాడిలా పొడుగు సాగాడు. ఒక చెవి నిలబడింది, రెండోది నిలబడనంది. బావ వాణ్ణి అంగడికి తీసుకెళ్ళి సంచుల దొంతర మీద కూర్చోబెట్టి అందరికీ చూపించేవాడు. సంచులకొచ్చిన రైతులు, "ఏమప్పా, పోలీసు కుక్కకు పెరుగన్నమంట కదా" అని నవ్వేవాళ్ళు. "తిని దొంగను పట్టుకుంటాడు చూస్తుండండి" అనేవాడు బావ. వాడేమో వచ్చిన ప్రతివాడి చేయీ నాకి స్వాగతం చెప్పేవాడు.

ఎండాకాలం వచ్చేసరికి వాడి ముందు కాళ్ళు వంకరపోయాయి. మెట్టెక్కాలంటే ఆగి, ఎవరైనా ఎత్తుతారేమోనని చూసేవాడు. ఒకరోజు సంచుల మీద నుంచి దిగబోయి కిందపడ్డాడు. మళ్ళీ లేవలేక అక్కడే పడుకుని తోక మాత్రం ఆడించాడు.

పశువుల డాక్టరమ్మ త్రివేణి వాడి కాళ్ళు నొక్కి చూసి, ఏం పెడుతున్నారని అడిగింది. బావ చెప్పాడు, గర్వంగానే.

"అందుకే ఎముకల్లో సత్తువ లేదు. ఒంటికేమో ఇంత పెరుగుదల, తిండేమో అన్నం. పొడి రాసిస్తా. దాంతోపాటు గుడ్లు పెట్టండి. ఇప్పుడన్నా పెడితే కాళ్ళు నిలబడతాయి. ఇంకా ఆలస్యం చేస్తే ఇంతే."

"పొడి రాయండి మేడం, చాలు."

"నేను చెప్పింది రెండూ సార్."

బావ పొడి డబ్బా కొన్నాడు. అది కూడా పెద్దదే. గుడ్డు మాట ఎత్తితే, "మా అమ్మ తిరిగిన ఇల్లు సుమిత్రా" అని గోడ మీది పటం వైపు చూపించాడు. అక్క ఆ పటం వైపు చూసి, భీముడి కాళ్ళ వైపు చూసి, లోపలికి పోయింది.

మరునాడు అక్క నా అంగడికి వచ్చింది. ఎండలో నడిచి వచ్చిన మనిషి, మంచినీళ్ళు కూడా అడగకుండా, "అశోకా, గుడ్లు యాడ అమ్ముతారు?" అంది.

నేను గతుక్కుమన్నాను. మా ఇళ్ళల్లో ఆ వస్తువును పేరు పెట్టి కూడా పిలవం. "అక్కా, బావకు తెలిస్తే..."

"తెలిస్తే తెలియనీ. వాడు నా పక్క చూస్తాండాడప్పా. ఆ చూపుకు నేనేం సమాధానం చెప్పాల?"

నా అంగడి పక్కనే సారా అనే ఆమె టిఫిన్ బండి ఉంది. ఆమె దగ్గర గుడ్లు తీసుకుని జిరాక్స్ కాగితాల పెట్టెలో పెట్టి, పైన రెండు కాగితాలు కప్పి, బజారులో అందరికీ నమస్కారం పెడుతూ తీసుకెళ్ళేవాణ్ణి. బాంబు మోసినా అంత చెమట పట్టదు. అక్క వెనక వాకిట్లో మునగచెట్టు పక్కన మూడు రాళ్ళు పెట్టి, పాత సత్తు గిన్నెలో ఉడకబెట్టేది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. వాసనకు ఒకసారి వాంతి చేసుకుంది కూడా. వాడికి తినిపించి, పెంకులు చెట్టు మొదట్లో పూడ్చి, తలస్నానం చేసి, అప్పుడు వంటింట్లో అడుగుపెట్టేది. ఆ వయసులో ప్రతి రోజూ తలస్నానం. జలుబు చేసినా మానలేదు.

వానాకాలం నాటికి భీముడు లేచాడు. కాళ్ళ వంకర పూర్తిగా పోలేదు గానీ, మెట్లు తనే ఎక్కేవాడు. బావ సాయంత్రం ఇంటికొచ్చేవేళకు గేటు దగ్గరకు ఉరికి రెండు కాళ్ళూ ఎత్తి ఆయన భుజాల మీద వేసేవాడు. పొట్టిమనిషి, వెనక్కి తూలి గేటు పట్టుకుని నవ్వేవాడు. "చూసినావా అశోకా, పొడి ఎట్ల పనిచేసిందో. అంతా గుడ్లు గుడ్లు అన్నారు" అనేవాడు. అక్క వంటింట్లో నుంచి నా వైపు చూసేది. నేను కాఫీ గ్లాసులోకి చూసేవాణ్ణి.

అత్తగారి తద్దినం వచ్చింది. భీముణ్ణి ముందు వాకిట్లో కట్టేశారు. మంత్రాలన్నీ అయ్యాక, పిండం ఆకులో పెట్టి వెనక గోడ మీద ఉంచారు. కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయినవాళ్ళకు తృప్తి అయినట్టు. బావ తడి పంచెతో చేతులు జోడించి నిలబడ్డాడు. పురోహితుడు, అక్క, నేను ఆయన వెనక.

కాకి వచ్చింది. గోడ మీద వాలి పిండం వైపు మెడ తిప్పి చూసింది. తరువాత కిందికి దిగింది. రాత్రి కురిసిన వానకు మునగచెట్టు మొదట్లో మన్ను కొట్టుకుపోయి ఉంది. కాకి అక్కడ ముక్కుతో కెలికి, ఒక గుడ్డు పెంకును పట్టుకుని మళ్ళీ గోడెక్కింది. పిండం పక్కనే పెట్టుకుని, నింపాదిగా పొడవసాగింది.

బావ ఆ కాకిలో తల్లిని చూస్తున్నాడు. జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి. పురోహితుడు దగ్గి, ఆకాశం వైపు చూశాడు.

"నేనే పెట్టినా, భీమూకు" అంది అక్క. దాచాలని చూడలేదు.

బావ బావి దగ్గరికి వెళ్ళి మళ్ళీ నీళ్ళు పోసుకున్నాడు. కోప్పడి తిట్టినా బాగుండేది.

మరునాడు గోరంట్ల వైపు నుంచి నల్లప్ప అనే రైతు చింతపండుకు సంచులు తీసుకెళ్ళడానికి టెంపోలో వచ్చాడు. పాత బేరగాడు. ఆయనకు చింతతోపు, కొన్ని గొర్రెలు ఉన్నాయి. బావ టెంపోను అంగడి నుంచి నేరుగా ఇంటికి పిలుచుకొచ్చాడు. "గుడ్డు తిన్న నోరు ఈ గడపలో ఉండేదానికి లేదు" అన్నాడు.

"తిన్నాది వాడు. పెట్టిన చెయ్యి నాది" అంది అక్క. "నన్ను ఉంచుకొని వాన్ని పంపుతారా?"

"బావా, ఇది తప్పు" అన్నాను నేను. "అమ్మ పోయింది. ఉన్న ప్రాణాన్ని ఎందుకు ఉసురుపెడతావు?" ఇంకా చాలా అన్నాను, ఇక్కడ రాసే మాటలు కావు. ఆయన గోడకు చెప్పినట్టు విన్నాడు.

టెంపో వెనక తలుపు తీస్తే, ఎత్తాల్సిన పని లేకుండా భీముడు తనంతట తానే ఒక్క దూకులో సంచుల మీదికి ఎక్కాడు. అంగడికి తీసుకెళుతున్నారని అనుకున్నాడు పాపం. అక్క పెట్టిన గుడ్ల బలంతోనే ఆ దూకు దూకాడు. అది నాకు తెలుసు, అక్కకు తెలుసు. అక్క గేటు పట్టుకుని టెంపో మలుపు తిరిగేదాకా చూసింది. వాడు సంచుల మీద నిలబడి ఆమె వైపే చూస్తూ పోయాడు.

తరువాత అక్క అలగలేదు, మాట మానలేదు. వేళకు కాఫీ, వేళకు భోజనం. సాయంత్రం అన్నంలో పెరుగు కలుపుతూ ఉన్నట్టుండి చేయి ఆగేది, అంతే. మిగిలిన అన్నాన్ని ఏం చేయాలో తెలియనట్టు గిన్నె పట్టుకుని నిలబడేది. బావ గేటు తీసి లోపలికి వచ్చేటప్పుడు, ఎవరో మీద పడతారన్నట్టు కాస్త ఆగి, వెనక్కి ఒక అడుగు వేసేవాడు. ఆ అలవాటు ఆయనను వదల్లేదు. ఒకరోజు అలా ఆగినవాడు గేటు దగ్గరే అరుగు మీద కూర్చుండిపోయాడు.

చింతపండు దించే రోజుల్లో ఒక పొద్దున బావ నా అంగడికి వచ్చాడు. చేతిలో కొత్త స్టీలు డబ్బా.

"అశోకా, సారా దగ్గరనే కదా నువ్వు కొంటాంటివి?"

"ఏం కొంటాంటిని?"

"నటించొద్దులే. నాకు ఉడకబెట్టిన గుడ్లు కావాల. గోరంట్లకు పోదాం, రా."

సారా ఆయనను చూసి నోరు తెరిచింది. "ఏమన్నా, మీకేనా?" అని అడిగింది. "మా వానికి" అన్నాడు బావ. డబ్బాను బస్సులో కాళ్ళ మధ్య పెట్టుకుని, ఎవరైనా తగిలితే రెండు చేతులూ అడ్డం పెడుతూ కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆయన ముట్టని వస్తువు అది.

నల్లప్ప తోపులో గొర్రెలు మేస్తున్నాయి. వాటి చుట్టూ ఒక కుక్క ఉరుకుతోంది. కాలువ దూకింది, మళ్ళీ ఇటు దూకింది. నేను గుర్తుపట్టేలోపే బావ గుర్తుపట్టాడు. రెండో చెవి కూడా నిలబడింది.

"భీమా" అన్నాడు.

వాడు ఆగి చూశాడు. ఉరికి వచ్చి బావ భుజాల మీద కాళ్ళు వేశాడు. బావ ఈసారి కింద కూర్చున్నాడు, కూర్చుని వాడి ముందు కాళ్ళు రెండూ చేతులతో తడిమి చూశాడు. గుడ్లు ఒలిచి తన చేత్తో పెట్టాడు. వాడు తిని, చేతులు నాకి, గొర్రె ఒకటి పక్కకు పోతుంటే లేచి దాని వెంట ఉరికాడు.

"బాగా తింటాండాడు సార్" అన్నాడు నల్లప్ప. "మేం తినేదే వానికీ. ఆదివారం ఎముకలు. తోడుకపోతారా? మీ కుక్కే కదా, మీ ఇష్టం."

బావ చాలాసేపు వాడు ఉరకడం చూశాడు. "వద్దు నల్లప్పా" అన్నాడు. "ఈడ కాళ్ళొచ్చినాయి వానికి. మళ్ళా తీస్కపోయి ఏం చేస్తా?"

బస్సులో ఆయన తువ్వాలు మొహం మీద వేసుకుని ఏడ్చాడు. "ఒక గుడ్డు కోసరం కదప్పా అశోకా. ఒక గుడ్డు" అన్నాడు. ఓదార్చాలని నాకు అనిపించలేదు, నిజం చెప్పాలంటే. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఆకులు మాత్రం ఏం చేస్తాయి? కానీ ఆ పొట్టిమనిషి ఖాళీ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని అలా కూర్చుంటే, నాకూ కళ్ళు తుడుచుకోక తప్పలేదు.

ఇంటికి వెళ్ళగానే అక్క అడిగిన మొదటి మాట, "వాని కాళ్ళు?"

"బాగుండాయి. ఉరుకుతాండాడు. కాలువ దూకినాడు."

అక్క నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. బావకు ఆ నవ్వు చూసి ధైర్యం వచ్చినట్టుంది.

"సుమిత్రా, రేపు అనంతపురం పోదాం. నువ్వడిగినావే, చిన్నది, తెల్లది. అదే తెచ్చుకుందాం. నీ మాట అప్పుడే విని ఉండాల్సింది. పెద్దదాన్ని నువ్వు పట్టుకోలేవని చిన్నది అడిగినావు, నేను అర్థం చేసుకోలేదు."

అక్క ఆయన వైపు చూసింది. కోపంగా కాదు.

"దానికి కాదండీ నేను చిన్నది అడిగింది. పట్టుకోలేక ఏం, మీ అమ్మనే ఎత్తి దించినా. చిన్నదయితే మన పెరుగన్నం మీదనే ఎట్లనో బతుకుతాది. గుడ్డు, మాంసం అంటూ మన ఇంటి పద్ధతి దాటే పని పడదు. అత్తమ్మ ఆచారమూ ఉంటాది, నా ముచ్చటా తీరుతాది అనుకున్నా. ఆ పొద్దు చెప్పబోయినా. మీరు నువ్వూరుకో అన్నారు."

బావ గోడ మీది తల్లి పటం వైపు చూడలేకపోయాడు, అక్క వైపూ చూడలేకపోయాడు. చేతిలోని డబ్బాను ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడ్డాడు. అక్కే దాన్ని తీసుకుని, వెనక వాకిట్లోకి తీసుకెళ్ళి తోమి, మునగచెట్టు కింద బోర్లించింది. "చిన్నదీ వద్దు, పెద్దదీ వద్దు. నాకు వాడు చాలు, యాడున్నా" అంది.

ఇప్పుడు అంగడిలో ఎవరైనా రైతు చిన్న సంచులు అడిగితే, బావ కట్టలు తీయడు. "ఎందుకప్పా చిన్నవి?" అని అడిగి, స్టూలు జరిపి కూర్చోబెట్టి, ఆ మనిషి చెప్పేదంతా ఆఖరు దాకా వింటాడు. ఇంటికొచ్చి అక్క ముందు కూడా అలాగే కూర్చుంటాడు, ఏమన్నా కావాలా సుమిత్రా అని. అక్క తల అడ్డంగా ఊపి వడ్డిస్తుంది. ఆ రోజు తరువాత ఆమె ఆయనను ఏమీ అడగలేదు.